లోపలి తలుపులు

(వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నెలదినములక్రిందట మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో సంస్కృతాంధ్రములు చెప్పి జీవించినవారము గావున ఏ కావ్యమునుగుఱించియో ఏ ధర్మశాస్త్రమునుగుఱించియో చెప్పుదుమని వారు తలచిరి. మేమును అట్లే యొప్పుకొంటిమి. కాని నిన్నటి రాత్రి వారిని కలిసికొని, విషయము మార్చుకొంటిమి, తలుపులనుగుఱించి మాటలాడుదుము అని చెప్పితిమి. వారొక నిమిషము మాఱుపలుకక, "సింహద్వారమును గుఱించియా?" యని యడిగిరి. కాదు, ఇంటిలోపలి తలుపులనుగుఱించి. పడకగది తలుపు, వంటింటి తలుపు, స్నానపుగది తలుపు. వారు నవ్విరి. ఇప్పుడు మీలోను కొందఱు నవ్వుచున్నారు. నవ్వుడు, తప్పులేదు. కొన్నియేండ్లకు ముందైనచో మేమును నవ్వియుందుము.

విషయమును మార్చుకొనుటకు కారణ మీ పందిలి ముంగిటనే కలదు. మన సంఘము కట్టదలచిన విద్యార్థినీ వసతిగృహపు పటము నచ్చట వ్రేలాడదీసియున్నారు. మీరెల్లరును చూచియే యుందురు. ముఖభాగము మిక్కిలి శోభాయమానముగ నున్నది. కమానులు, పద్మములు, దాతల పేళ్లకొఱకు పాలఱాతిపలక, టేకుతో రెండు ఱెక్కల మహాద్వారము. చూచి సంతోషించితిమి. పిమ్మట లోపలి పటమును చూచితిమి. ఇంజనీర్ల పటములలో తలుపును పావువృత్తపు గీతతో చూపుట వాడుక. ఆ గీత యే వైపునకు తిరిగియుండునో ఆ వైపునకు తలుపు తెఱచుకొనునని యర్థము. మేము కన్నద్దములు సవరించుకొని స్నానపుగదులను, మరుగుదొడ్లను ఒక్కొక్కటిగ లెక్కపెట్టితిమి. అంతస్తునకు ఎనిమిది చొప్పున రెండంతస్తులకు 16. పదునాఱు గీతలును లోపలివైపునకే తిరిగియున్నవి. గోడలో ద్వారమునకు విడిచిన వెడల్పు 2 అడుగుల 6 అంగుళములు. ఆ యంకెను చూచినది మొదలు మాకు నిద్ర పట్టలేదు. ఏల పట్టలేదో ముందు మనవి చేసెదము.

ఇల్లు కట్టునప్పుడు సింహద్వారమునకు మనము చేయు మర్యాద మీకు తెలియనిది కాదు. సిద్ధాంతిగారిచే ముహూర్తము పెట్టింతుము. ద్వారబంధమునకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, గడపక్రింద నవధాన్యములు వేసి, బంధువుల నెల్లర పిలిచి నిలుపుదుము. వడ్రంగికి క్రొత్తబట్టలు పెట్టుదుము. ఇది మంచి యాచారమే, దానిని మేము తక్కువచేయము. అయితే లోపలి తలుపులు ఏనాడు వచ్చినవో యింటివారికే గుఱుతుండదు. అప్పటికి చేతిలోని ధనమైపోవును. గృహప్రవేశపు పత్రికలు అచ్చయిపోవును. "ఏదో యొకటి బిగించివేయు నాయనా" యందుము. ఆ 'ఏదో యొకటి' ముప్పదియేండ్లు మనతో కాపురము చేయును. సింహద్వారమును దినమునకు నాలుగుమాఱులు దాటుదుము. లోపలి తలుపులను నలువదిమాఱులు తాకుదుము.

శాస్త్రమే యట్లు చెప్పినదని కొంద ఱందురు. శాస్త్ర మేమి చెప్పినదో చూతము. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున, మూలద్వారమును మించిన సొగసు ఇతరద్వారములకు చేయరాదని చెప్పినమాట నిజము. మూలద్వారమును కలశములు, ఫలములు, పత్రములు మున్నగువానితో నలంకరింపుమనెను. ఇది యలంకారమునుగుఱించిన నియమము. లోపలి తలుపులకు పచ్చికఱ్ఱ వేయుమనియు, రెండు బందులతో సరిపుచ్చుమనియు నాత డెచ్చటను చెప్పలేదు. పైపెచ్చు, మేమెప్పుడును మఱవని మాట యొకటి యా యధ్యాయముననే కలదు. తనంతట తెఱచుకొను తలుపు ఉన్మాదమును, తనంతట మూసికొను తలుపు కులనాశమును తెచ్చునట. పాఠము చెప్పు దినములలో దీనిని శకునముగనే తలచితిమి. ఇల్లు కట్టిన పిమ్మట తెలిసినది, ఇది వడ్రంగిపాఠమని. ద్వారబంధము నిట్టనిలువుగ లేక యొకవైపునకు వాలియున్నచో, తలుపు తనబరువుచేతనే తెఱచుకొనును, లేక మూసికొనును. అట్టి యింట నర్ధరాత్రమున తలుపు కిఱ్ఱుమని కదలిన ప్రతిసారియు ముసలివా రదరిపడి లేచుటయు, పిల్లల వ్రేళ్లు నలుగుటయు మేము చూచితిమి. ఉన్మాదమనుట కొంచెము పెద్దమాట కావచ్చును గాని, కారణము మాత్రము గుండునూలు పట్టని మేస్త్రియే.

మా తాతగారి నాటి మండువాలోగిలిలో లోపలి తలుపులు వేఱువిధముగ నుండెడివి. బందులే లేవు. ఱెక్కకు పైని, క్రింద రెండు కొసలు పొడుచుకొనివచ్చి, ద్వారబంధములోని గుంటలలో తిరుగుచుండెడివి. పలకలు బొటనవ్రేలి మందము. ద్వారము లెంత పొట్టివనగా మా తండ్రిగారు ప్రతి గదిలోనికిని తలవంచియే పోయెడివారు. వినయమునకై యట్లు కట్టిరని పెద్దలు చెప్పుచుండిరి. చిన్నతనమున దానిని నమ్మితిమి. ఇప్పుడు తోచుచున్నది, పొడుగుకఱ్ఱ దొరకకయో ధర యెక్కువయ్యో యట్లు కట్టియుందురని. అయినను ఆ యింట నొక సుగుణము కలదు. వీధిగుమ్మము మొదలు పెరటిగుమ్మము వఱకు ద్వారము లొకదాని కొకటి యెదురుగ నుండుటచే వైశాఖమాసములో సైతము గాలి యాడుచుండెడిది. ఇప్పటి యిండ్లలో గదికొక తలుపు, తలుపునకొక మూల. గాలి యెటుపోవలెనో దానికే తెలియదు.

ఇక మా యింటి కథ. 2018వ సంవత్సరమున ఉద్యోగవిరమణ చేసి, వచ్చిన ధనముతో నొక చిన్న యిల్లు కట్టుకొంటిమి. సింహద్వారమునకు మంచి టేకు తెచ్చి, ఱెక్కలపై పూర్ణకుంభములు చెక్కించితిమి. దానికై మూడు ఊళ్లు తిరిగితిమి. స్నానపుగది తలుపునుగుఱించి వడ్రంగి మమ్ము మూడుమాఱు లడిగెను. "మాస్టారూ, ఇది లోపలికి తెరవమంటారా, బయటికా?" యని యతడడిగిన మాట యిప్పటికిని మా చెవులలో నున్నది. "ఎటైననేమి, లోపలికే వేయుము, బయటికైనచో నడవలో నడ్డముండును" అంటిమి. అతనిది తప్పు కాదు. మేస్త్రిది తప్పు కాదు. తప్పు మాది.

2020వ సంవత్సరమున మా తల్లిగారు మాయొద్దకు వచ్చి యుండిరి. ఎనుబది దాటినవారు. ఒకనాటి సాయంకాలము స్నానపుగదిలోనికి పోయి గడియ పెట్టుకొనిరి. జాఱిపడిన చప్పుడైనది. "అబ్బాయీ" యని యొక్కమాఱు పిలిచిరి. మేము పరుగెత్తితిమి. గడియ పెట్టుటకుముందే కాలు జాఱినదో, పడునప్పుడు చేయి తగిలి యది వీడినదో, తలుపు రెండంగుళములు తెఱచుకొన్నది. అటుపై కదలలేదు. ఏలయన, ఆమె పడినది తలుపు వెనుకనే. మేము నెట్టినకొలది తలుపు ఆమె తుంటినే నెట్టుచున్నది. రెండంగుళముల సందులోనుండి ఆమె చేయి కనబడుచుండెను. మా భార్య నేలపై కూర్చుండి ఆ చేయి పట్టుకొనియుండెను. తలుపును బయటినుండి యూడదీయుటకు వీలులేదు. బందుల మరమేకులన్నియు లోపలివైపుననే కలవు. తుదకు పొరుగింటి కుఱ్ఱవా డొకడు ఱంపము తెచ్చి తలుపు పైసగమును కోసి, దానిమీదుగా లోపలికి దిగెను. అఱగంట పట్టినది. మంచి టేకుతలుపైనచో గంటయు పట్టియుండును; మేము వేసినది పనికిమాలిన తలుపగుట యానా డొక్కనాడు మాత్రము మేలు చేసినది.

తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగినది. ఇంటికి చక్రములకుర్చీతో తీసికొనివచ్చితిమి. కుర్చీ వెడల్పు 25 అంగుళములు. స్నానపుగదికి గోడలో విడిచినది 30 అంగుళములు. మీరు సరిపోవు ననుకొందురు. మేమును అనుకొంటిమి. లెక్క వినుడు. ద్వారబంధపు కఱ్ఱ ఒక్కొక్కవైపున రెండున్నర యంగుళములు. రెండువైపుల నైదు పోగా 25. తెఱచిన తలుపు ఱెక్క మందములో ముప్పాతిక యంగుళము దారిలోనికి వచ్చును. మిగిలినది 24 అంగుళముల పావు. ముప్పాతిక యంగుళము తక్కువ! ఆ ముప్పాతిక యంగుళముకొఱకు, తన జీవితమంతయు నొకరిచే చేయి పట్టించుకొనక నడచిన మా తల్లిని, కొడుకును కోడలును దినమునకు నాలుగుమాఱులు చేతులమీద నెత్తుకొని లోనికి తీసికొనిపోయితిమి. ఆమె మమ్ము నొక్కమాట యనలేదు. ఆ నెల దినములలో నీరు త్రాగుట తగ్గించుకొనెను. ఎందులకో మాకు వెంటనే తెలియలేదు. మా భార్య కనిపెట్టినది. ఆ మఱునాడే మేస్త్రిని పిలిచి గోడ పగులగొట్టించితిమి.

అందుచేత నిప్పుడు గృహము కట్టదలచినవారికి మేము మొదట చెప్పునది వెడల్పునుగుఱించియే. పటములో వ్రాయు వెడల్పు వేఱు, మనిషి దాటు వెడల్పు వేఱు. వికలాంగుల హక్కులకై 2016వ సంవత్సరమున చట్టము వచ్చినది. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకసూత్రములలో ద్వారమునకు 90 సెంటీమీటర్ల నికరపు దారి యుండవలెనని కలదు. అనగా సుమారు 35 అంగుళములన్నర. అంత దారి మిగులవలెనన్న గోడలో 3 అడుగుల 6 అంగుళములు విడువవలయును. స్థలము చాలనివారు ప్రతి గదికిని అట్లు చేయలేరు, మేమెఱుగుదుము. కాని ఇంటిలో నొక పడకగదికిని, దాని స్నానపుగదికిని అట్లు విడిచినచో చాలును. ముసలితనము రానివా రెవరును ఈ సభలో లేరు గదా. తలుపు బయటికి తెఱచుకొనవలెను. బయట నిజముగ నడ్డమైనచో గోడవెంట జరుగు తలుపు పెట్టుకొనవలెను. స్నానపుగది గడియలలో బయటినుండి నాణెముతో త్రిప్పి తెఱచుటకు వీలైనవి యిప్పు డంగళ్లలో దొరకుచున్నవి. ఖరీదు పెద్దది కాదు.

ఇక కఱ్ఱ. లోపలి తలుపులకెల్ల టేకే కావలెనన్న నియమము లేదు. మన పెద్దలు వేప, మద్ది, పనస మున్నగు కఱ్ఱలు వాడిరి. ద్వారబంధములకు నేడు సాలుకఱ్ఱయు, ఆఫ్రికానుండి వచ్చు టేకును తఱచుగ నమ్ముచున్నారు. జాతికంటె ముఖ్యమైనది కఱ్ఱ యాఱుట. చెట్టులోని నీరు పోక ముందు కోసి బిగించిన తలుపు, ఇంటిలోనికి వచ్చిన పిమ్మట ఆఱుచు వంగును, నెఱ్ఱెలిచ్చును. కఱ్ఱలో తేమ, ఆయా ప్రాంతముల గాలినిబట్టి, నూటికి 8 మొదలు 16 వంతులలోపుగ నుండవలెను. సముద్రతీరమున నెక్కువ, మెట్టసీమలలో తక్కువ. దానిని కొలుచుటకు చేతిలో పట్టు చిన్నయంత్ర ముండును. కఱ్ఱయడితివారియొద్ద నడుగుడు. చూపనివానియొద్ద కొనవలదు.

ఎంత యాఱినను కఱ్ఱ యూపిరి తీయుచునే యుండును. నిలువున నది యించుమించు పెరుగదు, తఱుగదు. అడ్డమున మాత్రము వానకారున నుబ్బును, ఎండకారున ముడుచుకొనును. పాతకాలపు పలకల తలుపు చూడుడు. చుట్టు చట్రము, నడుమ పలకలు. పలకను చట్రపు గాడిలో వదులుగ నిలుపుదురే గాని జిగురు పెట్టరు, మేకు కొట్టరు. అది తెలియనితన మనుకొంటిరా? పలక యుబ్బుటకును ముడుచుకొనుటకును చోటిచ్చిన తెలివి యది. మే మొక యింట చూచితిమి. యజమానుడు 'గట్టిగ నుండవలె'నని పలకలకు జిగురుపెట్టించి మేకులు కొట్టించెను. రెండవయేట పలకలు నడుమకు చీలినవి. మఱియొక మాట. శ్రావణమున తలుపు బిగిసినదని వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టింతురు. ఫాల్గుణము వచ్చునప్పటికి ఆ తలుపునకును బంధమునకును నడుమ వ్రేలు దూరును. వానకారున బిగిసినదానిని కొంచెము మాత్రము సవరించి, ఎండకారువఱకు వేచియుండుడు.

తలుపునకు రంగు వేయువారు ముందువెనుకలు వేసి పోదురు. పైయంచు, క్రిందియంచు ఎవరికిని కనబడవు గావున వదలివేయుదురు. నీరు త్రాగునది ఆ యంచులనుండియే. ఱెక్క నెత్తి బందులకు బిగింపకముందే అన్నివైపుల అంచులకును రంగో వార్నిషో పట్టింపుడు. మేము దీనిని మా మిత్రు లిద్దఱి యిండ్లలో పట్టుబట్టి చేయించితిమి. వారు మమ్ము చాదస్తు డనిరి. అనుకొననిండు.

ఇప్పు డెక్కువగ వాడుకలో నున్నది ఫ్లష్ తలుపు. చూచుటకు నున్నగ నుండి, వెల తక్కువై, తుడుచుటకు సులువుగ నుండును. అయితే రెండు పలుచని పొరల నడుమ నేమున్నదో కొనువానికి కనబడదు. కొన్నింట నిండుగ కఱ్ఱబద్దలుండును. కొన్నింట కాగితపు తేనెపట్టు వంటి గూళ్లుండును. వ్రేలితో నాలుగుచోట్ల తట్టి వినుడు, బోలుగ మ్రోగిన చోట గడియ బిగించినచో మరమేకు నిలువదు. నిండు ఫ్లష్ తలుపులకు ఐ.ఎస్. 2202 అను భారతీయ ప్రమాణము కలదు. ఆ సంఖ్యయు ఐ.ఎస్.ఐ. ముద్రయు తలుపుమీద నున్నవో లేవో చూచి కొనవలెను. బోలుతలుపునకు మఱియొక దోషము, చప్పు డాగదు. అటుగదిలో మాట ఇటుగదిలో వినబడును. క్రొత్తగ కాపురమునకు వచ్చిన కోడలున్న యింటను, పరీక్షకు చదువు పిల్లలున్న యింటను, ఈ దోష మెంతటిదో మేము విడమఱచి చెప్పనక్కఱలేదు.

స్నానపుగదికి కఱ్ఱతలుపు నీటికి నిలువదు. క్రిందియంచు మూడేండ్లలో పుచ్చిపోవును. కఱ్ఱపొడిని ప్లాస్టిక్కుతో కలిపి పోతపోసిన డబ్ల్యు.పి.సి. తలుపులు, ఫైబరు తలుపులు వచ్చినవి. నీటికిని చెదలకును భయములేదు. కాని ఎండ నేరుగ పడుచోట ప్లాస్టిక్కుతలుపులు వంగుటయు కలదు. మన జిల్లాలలో స్నానపుగదికి గ్రానైటుఱాతి ద్వారబంధము పెట్టుట వ్యాపించినది. మంచి పద్ధతియే, అడుగు పుచ్చదు. అయితే ఱాతిలో రంధ్రము చేసి ప్లగ్గు దూర్చి బందు బిగింపవలెను గావున, ఆ పని తెలిసినవానిచేతనే చేయింపవలయును. తెలియనివాడు చేసినచో నాఱు నెలలలో తలుపు వ్రేలాడును.

బిగించుటయందు మేము చూచిన తప్పులు చెప్పవలెనన్న దినము చాలదు. కొన్ని మాత్రము చెప్పెదము. ద్వారబంధమును నిలిపినప్పుడు నాలుగు మూలల ఐమూలకొలతలు రెండును సమానముగ నున్నవో లేవో టేపు పట్టి చూడుడు. ఇది యాఱవతరగతి పిల్లవాడు చేయు పని. గుండునూలును ముందువైపునను, ప్రక్కవైపునను రెండు ముఖములకు పట్టవలెను. మేస్త్రులు తఱచుగ నొకవైపునకే పట్టి ఊరకుందురు. గోడ కట్టునప్పుడు ఇటుకల యొత్తిడికి బంధము నడుమ లోనికి వంగును గావున, నడుమ నొక యడ్డబద్ద కొట్టి గోడ గట్టిపడువఱకు తీయరాదు. గోడకు తగులువైపున కఱ్ఱకు తారో ప్రైమరో పూయవలెను. నేలకు పలకఱాళ్లు వేయుటకు ముందే తలుపు కొలత తీసికొన్నచో తరువాత ఱెక్కను కోయవలసివచ్చును. వేయబోవు ఱాయి మందము, దాని క్రింది సిమెంటు మందము ముందే లెక్కకట్టుకొనవలెను.

7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 35 మిల్లీమీటర్ల మందముగల నిండుతలుపు సుమారు 40 కిలోలు తూగును. అనగా పదునైదేండ్ల పిల్లవాడు తలుపు పట్టుకొని వ్రేలాడినట్లే. దానికి రెండు బందులు చాలునా? మూడు వేయుడు. పైబందుమీదనే బరువెక్కువ లాగును. ఇక మరమేకులు. ఎనిమిదింట నాఱింటిని మనవారు సుత్తితో కొట్టి, తుదిని రెండుచుట్లు త్రిప్పుదురు. "పని తొందరగా అయిపోద్ది మాస్టారూ" అని మా వడ్రంగి చెప్పెను. సుత్తితో కొట్టినచో మరలు కఱ్ఱను పట్టుకొనవు, చీల్చుకొనిపోవును. మేము పీట వేసికొని యెదుట కూర్చుండి, ప్రతి మరమేకునకు మొదట సన్నని రంధ్రము చేయించి త్రిప్పించితిమి. మధ్యాహ్న మొక తలుపు మాత్రమే యైనది. అతనికి విసుగైనది, కూలి రెండింతలు ఇచ్చితిమి. ఆ తలుపు నేటికి చిటికెనవ్రేలితో మూసికొనును.

గడపనుగుఱించి యొకమాట. సింహద్వారమునకు గడప యుండవలెను. పసుపు రాయుట మన యాడువారి సౌభాగ్యచిహ్నము, దాని జోలికి మేము పోము. లోపలి గదులకు మాత్రము గడపలు వలదు. రాత్రి లేచు వృద్ధులకు అవియే శత్రువులు. స్నానపుగదికి నీరు బయటికి రాకుండుటకై యరంగుళము మెట్టు చాలును. మూడంగుళముల మెట్టు కట్టువా రింటిలో నొక ఉచ్చు నమర్చినట్లే.

ఇదంతయు ఇండ్లనుగుఱించి చెప్పితిమి. ఇప్పుడు వసతిగృహమునకు వచ్చెదము.

మేము పనిచేసిన పాఠశాలలలో నొకదానియందు బాలికల మరుగుదొడ్డికి తలుపుండెడిది, గడియ లేదు. గడియ వేయవలసిన చోట రంధ్రము, రంధ్రములో నొక గుడ్డపీలిక. లోనికి పోయిన పిల్ల యా పీలికను ఒకచేత పట్టుకొని యుండవలెను. బయట నింకొక పిల్ల కాపలా నిలువవలెను. మేము రఘువంశము చెప్పుచుండగా ముందువరుస పిల్లలు మధ్యాహ్నమున తలలు వాల్చుచుండెడివారు. వారికి శ్రద్ధ లేదని మందలించితిమి. తోటి యుపాధ్యాయురాలు ఒకనాడు మమ్ము ప్రక్కకు పిలిచి, "అయ్యా, వారు ఉదయమునుండి నీరు త్రాగరు. త్రాగినచో పోవలసివచ్చునని" అని చెప్పినది. మేమేమియు ననలేకపోతిమి. మఱునాడు మా చేతిసొమ్ముతో గడియ కొని తీసికొనిపోయితిమి. తలుపు పుచ్చియుండుటచే అది నిలువలేదు. క్రొత్తతలుపు వచ్చుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లలో ముందువరుసలోని యిద్దఱు పిల్లలు బడి మానిరి. ఇతర కారణములును ఉండవచ్చును. మేము మాత్రము ఆ గుడ్డపీలికను మఱువలేదు. మా తల్లి నీరు మానుకొనినపుడు మా కది గుఱుతునకు రావలసినది, రాలేదు.

మన వసతిగృహమున నూఱుమంది యాడపిల్ల లుండబోవుచున్నారు. వారి తల్లిదండ్రులు మన సంఘమును నమ్మి పంపబోవుచున్నారు. మహాద్వారమునకు దాతలు ముందుకు వచ్చిరి. నిన్న పేళ్లు చదువగా కరతాళధ్వనులు చేసితిమి. పోషకులను మేము తప్పుపట్టుట లేదు. మహాద్వారముమీద పేరు చెక్కవచ్చును, స్నానపుగది తలుపుమీద పేరు చెక్కుట బాగుండదు, మేమెఱుగుదుము. కావుననే ఆ పదునాఱు తలుపులకు దాత లేడు. కావుననే పటములో నవి 'ఏదో యొకటి'గ నున్నవి.

కార్యదర్శిగారిని, ఇంజనీరుగారిని మేము కోరునది యిది. పునాది యింకను పడలేదు గావున గీతను మార్చుటకు నేడు ఖర్చులేదు; గోడ లేచిన పిమ్మట ఖర్చు. పదునాఱింటి తలుపులును బయటికి తెఱచుకొనునట్లు గీయవలెను. అంతస్తునకు ఒక్క స్నానపుగదికైనను, దానికి పోవు దారిలోని తలుపులకును గోడలో 3 అడుగుల 6 అంగుళములు విడువవలెను. కాలు సరిలేని పిల్ల మన కులమున పుట్టదని యెవరైన పూచీ పడగలరా? బంధములు గ్రానైటువి, తలుపులు నీటికి నిలుచునవి. ప్రతి తలుపునకు మూడు బందులు, లోపల గట్టి గడియ, అది బయటినుండి వార్డెనమ్మగారు నాణెముతో తెఱువదగినది. పడకగదులకు నిండు ఫ్లష్ తలుపులు, ముద్ర చూచి కొన్నవి. బిల్లు చెల్లించుటకుముందు చక్రములకుర్చీ నొకదానిని తెచ్చి, గదిగదికి త్రిప్పి చూడవలెను. కుర్చీ మా యింట కలదు. ఇప్పుడు దానితో పని లేదు. పంపెదము.

పదునాఱు తలుపులలో రెండింటి వ్యయమును మేము భరించెదము. ధనము నీ సభ ముగియకముందే కోశాధికారిగారికి ముట్టజెప్పెదము. ఇక పదునాల్గు మిగిలియున్నవి. చందాపుస్తకము పందిలి కెడమవైపు బల్లమీద నున్నది. దాని ప్రక్కనే మేము కొలతలు వ్రాసియుంచిన కాగితమును, మా వడ్రంగి తెచ్చిన మాదిరితలుపును కలవు. అతడు భోజనములవేళవఱకు అచ్చటనే యుండును. సంకోచింపక గడియ త్రిప్పి చూడుడు, వ్రేలితో తట్టి వినుడు, అడుగవలసినది అతని నడుగుడు.